కంచె మీది సైబీరియా పిట్ట

"ఏటి బాబూ, సైబీరియా పచ్చులొచ్చీసినాయి, సూసినావా?"

మా ఇంటికి పాలు పోసే పెద్దాయన డిసెంబరులో ఏటా ఒకసారైనా ఈ మాట అడుగుతాడు. అడుగుతూ చెరువు వైపు చెయ్యి చూపిస్తాడు. చెరువు కింద కోసేసిన వరిమళ్లలో ఇంకా చెమ్మ ఉంటుంది. ఇరవయ్యో ముప్పయ్యో నత్తగుల్ల కొంగలు అక్కడ దిగి, బురదలో ముక్కులు దించి తింటూ ఉంటాయి. నేను ఆయన చూపించిన వైపు చూసి, తర్వాత ఆయన వెనకాల మా వెదురు కంచె వైపు చూస్తాను. చివరి గుంజ మీద గోరువంక కంటే చిన్న పిట్ట ఒకటి కూర్చుని ఉంటుంది. గోధుమ రంగు వీపు, కళ్ల మీదుగా నల్లటి పట్టీ, కొక్కెంలా వంగిన ముక్కు. దగ్గరికి వెళ్తే కరకరమని అరుస్తుంది. దాని పేరు బ్రౌన్ ష్రైక్.

ఆ కొంగలు మన దేశపు కొంగలే. సైబీరియా, మంగోలియా, ఉత్తర చైనా వైపు గూళ్లు కట్టుకుని చలికాలానికి ఇటు వచ్చే జాతి ఈ కంచె మీది పిట్టది. దాని సంగతి మాత్రం ఎవరూ అడగరు.

మా ఇల్లు భీమిలి నుంచి కొంచెం లోపలికి, గోస్తని పారే వైపు ఉంటుంది. ముందు వరిమళ్లు, పక్కన జీడితోట, గట్ల మీద తాటిచెట్లు, ఇంటి వెనక చింతచెట్టు, దాని కింద పశువుల సాల. చలికాలం వస్తే ఈ కాస్త చోటే కిటకిటలాడుతుంది. ఇవన్నీ చలికి భయపడి ఎక్కడి నుంచో ఎగిరొచ్చాయని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను. ఓపిగ్గా చూడటం మొదలుపెట్టాక తెలిసింది, ఒకే పెరట్లో కనిపించే ఈ జీవాల వెనక నాలుగైదు వేర్వేరు కథలు ఉన్నాయని. కొన్ని నిజంగానే వేల కిలోమీటర్లు దాటి వచ్చినవి. కొన్ని పక్క జిల్లా నుంచి నీళ్లు వెతుక్కుంటూ వచ్చినవి. కొన్ని ఏడాది పొడవునా ఇక్కడే ఉండి ఇప్పుడు కంటపడుతున్నవి. ఇంకొన్ని ఇక్కడే ఉండి కూడా మాయమైనట్టు అనిపించేవి. వీటన్నిటినీ "సైబీరియా పక్షులు" అనే ఒక్క మాటలో కలిపేస్తే, ఏది ఎందుకు వచ్చిందో తెలియకుండానే పోతుంది.

ఈ చిక్కు విప్పడానికి ఒక సులువైన ప్రశ్న ఉంది. ఈ పక్షి గూడు ఎక్కడ కడుతుంది?

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం సంగతే తీసుకుందాం. అక్కడి చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా సెప్టెంబరు, అక్టోబరుల్లో దిగి, మార్చి, ఏప్రిల్ దాకా ఉండి వెళ్తాయి. ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. సైబీరియా నుంచి వస్తాయనే మాటే అందరి నోటా వినిపిస్తుంది. కానీ అవి అక్కడ చేసే పని ఏమిటి? గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుంటాయి. దూర దేశం నుంచి చలికాలం గడపడానికి వచ్చే పక్షి ఆ పని ఇక్కడ చేయదు. దాని పుట్టిల్లు ఉత్తరాన ఉంటుంది, ఇక్కడికి వచ్చేది తిండికే. మచ్చల ముక్కున్న ఆ గూడబాతు మన దేశంలో, శ్రీలంకలో, కంబోడియాలో పిల్లల్ని పెట్టే జాతి. ఎర్రకాళ్ల కొంగ కూడా దక్షిణాసియాది, ఆగ్నేయాసియాది. సైబీరియా దాని దారిలోనే లేదు. ఇది చెబితే కొందరు చిన్నబుచ్చుకుంటారు, తమ ఊరి గొప్ప తగ్గిపోయినట్టు. నాకైతే ఆ గొప్ప పెరిగినట్టే అనిపిస్తుంది. ప్రపంచంలో కొన్ని దేశాల్లోనే పిల్లల్ని పెట్టే పక్షి మన చింతచెట్టును నమ్ముకుంది కదా.

సైబీరియా అనే మాట మన నోళ్లలో ఇంతగా ఎందుకు నాటుకుపోయిందో నాకు ఒక అనుమానం ఉంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు ఒకప్పుడు సైబీరియా కొంగలు వచ్చేవి. పత్రికల్లో, పాఠాల్లో వాటి గురించి చాలా వచ్చింది. 2002 తర్వాత అవి అక్కడ కనిపించనే లేదు. పక్షి పోయింది, పేరు మిగిలింది. ఆ పేరు తెల్లగా, పెద్దగా, పొడుగు కాళ్లతో ఉన్న ప్రతి పక్షికీ అంటుకుందని నేను అనుకుంటాను.

మరి నిజంగా దూరం నుంచి వచ్చినవి ఏవి? మా పెరట్లో అవి దాదాపు అన్నీ చిన్నవే. సాల దగ్గర ఆవుల కాళ్ల మధ్య పరుగెడుతూ తోక ఆడించే పసుపు వాగ్‌టెయిల్. చెరువు గట్టు మీద నడుము ఊపుకుంటూ నడిచే సాండ్‌పైపర్. కరెంటు తీగల మీద వరసగా కూర్చునే స్వాలోలు. మందార పొదలో ఎవరో నాలుకతో "టక్, టక్" అన్నట్టు వినిపించి, ఎంత వెతికినా కనిపించని ఒక మట్టిరంగు పిట్ట ఉంటుంది. దాన్ని బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అంటారు. బరువు 12 గ్రాములకు అటూ ఇటూ. తూర్పు ఐరోపా నుంచి సైబీరియా దాకా ఉన్న పొదల్లో పిల్లల్ని పెట్టి, చలికాలానికి మన దేశానికి వస్తుంది. చింతచెట్టు మీద ఆకుల్లో కలిసిపోయే గ్రీనిష్ వార్బ్లర్ ఇంకా తేలిక. అయినా పెద్దాయన కళ్లు కొంగల మీదే ఉంటాయి. తప్పేముంది, కనిపించేవి అవే.

ఇవి రావడానికి చలి ఒక్కటే కారణం అనుకోవడం రెండో పొరపాటు. ఈకలున్న ప్రాణి కడుపు నిండితే చాలా చలిని తట్టుకుంటుంది. తట్టుకోలేనిది ఆకలిని. ఉత్తరాన నేల గడ్డకట్టగానే పురుగులు కనబడకుండా పోతాయి, చెరువు మీద మంచు పేరుకుంటుంది. పురుగులు తిని బతికే 12 గ్రాముల పిట్టకు అక్కడ రెండు రోజులు గడవడం కూడా కష్టం. దానికి తోడు పగలు కుంచించుకుపోతుంది. విశాఖలో డిసెంబరు చివర పగలు దాదాపు 11 గంటలు, జూన్‌లో 13 గంటలకు కొంచెం పైన. తేడా రెండు గంటలే. అదే 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర డిసెంబరులో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. తిండి వెతుక్కోవడానికి ఆరు గంటలు, ఆకలితో ఓర్చుకోవడానికి పద్దెనిమిది గంటలు.

అలాంటప్పుడు ఏడాదంతా ఇక్కడే ఉండిపోవచ్చు కదా అని మా మేనకోడలు అడిగింది. మంచి ప్రశ్న. జూన్‌లో ఆ లెక్కే తిరగబడుతుంది. అక్కడ పగలు పద్దెనిమిది గంటలు దాటుతుంది, పురుగులు కుప్పలు తెప్పలుగా పుడతాయి, పిల్లల నోళ్లు నింపడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఇక్కడ ఉంటే మన పిట్టలతో ప్రతి మిడతకూ పోటీ పడాలి. అందుకే పిల్లల పెంపకానికి అక్కడికి, పొట్టకూటికి ఇక్కడికి. మన ఉత్తరాంధ్ర నుంచి పనుల కోసం హైదరాబాద్, చెన్నై వెళ్లి పండక్కి ఊరొచ్చే కుటుంబాల జీవితం లాంటిదే ఇది.

బయలుదేరమని వాటికి చెప్పేది కూడా చలి కాదు, వెలుతురు. ఒక ఏడాది చలి ముందు రావచ్చు, ఒక ఏడాది ఆలస్యం కావచ్చు. పగటి పొడవు మాత్రం ఏ ఏడాదీ మాట తప్పదు. పక్షుల మెదడు లోపల, పుర్రె దాటి వచ్చే వెలుతురును పసిగట్టే కణాలు ఉన్నాయి. పగళ్లు తగ్గడం మొదలవగానే ఒంట్లో మార్పులు వస్తాయి. ఆకలి పెరుగుతుంది, చర్మం కింద కొవ్వు చేరుతుంది, రాత్రుళ్లు కుదురుగా ఉండలేవు. ఆ కొవ్వే దారి ఖర్చు. సూర్యుణ్ణి, నక్షత్రాలను, భూమి అయస్కాంత క్షేత్రాన్ని చూసుకుని దిక్కు పట్టుకుంటాయి. చిన్న పిట్టల్లో చాలా వాటికి మొదటి ప్రయాణంలో అమ్మానాన్నలు తోడు ఉండరు. ఆ ఏడే పుట్టిన పిల్ల, ఎప్పుడూ చూడని దేశానికి, రాత్రి పూట, ఒంటరిగా వస్తుంది. ఈ ముక్క తెలిసిన రోజు నుంచి మందార పొద దగ్గర నీళ్లు పోసేటప్పుడు నేను మెల్లగా నడుస్తాను.

ఏ పక్షి ఎక్కడి నుంచి వస్తుందో ఎలా తెలిసిందంటే ఉంగరాల వల్ల. 1883లో మొదలైన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ లాంటి సంస్థలు వలల్లో పట్టిన పక్షుల కాళ్లకు నంబరున్న చిన్న ఉంగరాలు తొడిగి వదిలేస్తాయి. అదే పక్షి ఇంకో దేశంలో దొరికితే దారి తెలుస్తుంది. ఈ రోజుల్లో ఉపగ్రహాలకు కబురు పంపే పరికరాలూ కడుతున్నారు. తల మీద రెండు నల్ల గీతలుండే బార్‌హెడెడ్ బాతులు హిమాలయాలను 7,000 మీటర్లకు పైన దాటుతున్నాయని అలాగే తేలింది.

నత్తగుల్ల కొంగల దగ్గరికి వస్తాను. వాటి క్యాలెండర్ వెలుతురు మీద కాదు, నీటి మీద నడుస్తుంది. అక్టోబరు, నవంబరు వానలకూ తుపాన్లకూ చెరువులు, మళ్లు నిండుతాయి. డిసెంబరు నుంచి నీరు తగ్గుతూ వస్తుంది. అంతకుముందు విశాలంగా చెల్లాచెదురైన నత్తలు, చేపపిల్లలు మోకాలి లోతు నీళ్లలోకి చేరతాయి. కొంగకు కావలసింది సరిగ్గా ఆ లోతు. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తను పట్టి లోపలి కండను లాగడానికి అది పనికొస్తుంది. ఒక చెరువు ఎండితే పక్క చెరువుకు పోతుంది. అచ్యుతాపురం దగ్గర కొండకర్ల ఆవ అనే సరస్సులోనూ ఇదే జరుగుతుంది. ఇప్పుడది అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. తాటి దోనె ఎక్కి తామరాకుల మధ్యకు వెళ్తే ఉత్తరం నుంచి వచ్చిన బాతులూ, అక్కడే పుట్టి పెరిగిన నీటికోళ్లూ ఒకే చోట తిరుగుతూ కనిపిస్తాయి. పక్కపక్కనే ఉంటాయి, వాటి కథలు మాత్రం వేరు.

కూకుడు గువ్వ ఈ చిక్కును ఇంకా ముడివేస్తుంది. నెత్తిన విసనకర్రలా కిరీటం విప్పే పక్షి. దీంట్లో కొన్ని మన దగ్గరే ఉండిపోయేవి, కొన్ని చలికాలంలో ఉత్తరం నుంచి దిగేవి. చూస్తే తేడా తెలియదు. 2014 అక్టోబరు 12న మనల్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుపాను పేరు ఈ పక్షిదే, అరబ్బీలో దీన్ని హుద్‌హుద్ అంటారు, ఆ పేరు ఇచ్చింది ఒమన్. ఆ రోజు మా పెరట్లో రెండు పెద్ద మామిడిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. తర్వాత అక్కడ గడ్డి పెరిగి ఎండ పడే జాగా ఏర్పడింది. కూకుడు గువ్వ మేత మేసేది అలాంటి జాగాలోనే. ఆ పేరున్న తుపాను కూల్చిన చెట్ల చోటులో ఆ పక్షిని చూసినప్పుడు మనసు ఒక రకంగా అయిపోతుంది.

ఇక ఎక్కడికీ వెళ్లకుండా, ఎక్కడి నుంచీ రాకుండా, చలికాలంలోనే కొత్తగా కనిపించేవి. పాలపిట్ట, పసులపోలిగాడు, లకుముకి పిట్ట, పైడికంటె అన్నీ వానాకాలంలోనూ ఉన్నాయి. అప్పుడు ఆకు దట్టం, పైరు ఎత్తు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు అయిపోగానే నేల బయటపడుతుంది. ఎలుకలకు దాక్కునే చోటు తగ్గుతుంది, రాలిన గింజలకు అవి బయటికి వస్తాయి, వాటి వెనక గుడ్లగూబలు వస్తాయి. మన ఊళ్లలో చావుపిట్ట అని రాళ్లు వేసే తెల్లమొహం గుడ్లగూబ రైతు పక్షాన రాత్రంతా కాపలా కాసే పక్షి. అది మా సాల కప్పు మీద కూర్చుంటే మామ్మ ఇప్పటికీ "పో, పో" అంటుంది. కానీ రాయి తీయడం మానేసింది. ధాన్యం బస్తాలకు కన్నాలు పడటం తగ్గిందని ఆవిడే చెప్పింది.

వీటిని చూడటానికి తెల్లవారుజామున లేవాలనే నియమం చలికాలంలో అంతగా పనిచేయదు. అందుకు కారణం మంచు. నిర్మలమైన పొడుగాటి రాత్రిలో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలకు ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, పల్లాల్లోకి జారుతుంది. అందులోని తేమ మంచుగా కడుతుంది. లంబసింగిలో గడ్డకట్టే చలి ఉండటానికి ఎత్తు ఒక్కటే కాదు, కొండల మధ్య లోయలోకి దిగిన ఈ చల్లగాలి కూడా కారణం. విశాఖ నగరానికి సముద్రం దుప్పటి కప్పినట్టు ఉంటుంది, మా ఊరికి ఆ దుప్పటి సగమే అందుతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చని గాలి ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా నేల వైపే వంగుతుంది. అందుకే ఆ రాత్రుళ్లు దూరపు రైలు కూత, కొండ కింద నక్కల ఊళ సావిట్లో పక్కనే ఉన్నట్టు వినిపిస్తాయి. నక్కలు దగ్గరికి వచ్చాయని పిల్లలకు టెన్షన్ పుట్టేది, కానీ దగ్గరికి వచ్చింది వాటి గొంతు.

ఈ మంచులో పురుగుకు రెక్క లేవదు. దాని ఒంటికి సొంత వేడి లేదు, ఎండ తగిలితేనే ఎగరగలదు. పురుగు ఎగరనిదే పసులపోలిగాడికి పని లేదు. అందుకని ఆరింటికి వణుకుతూ నిలబడే కంటే మామ్మ చేసిన చోడంబలి తాగి, చలిమంట దగ్గర కాసేపు కూర్చుని, ఏడున్నరకు బయటికి వెళ్లండి. ఎండ గట్టు మీద పడే ఆ గంటన్నరలో పెరడంతా ఒక్కసారి లేస్తుంది. ఎక్కడైనా ఎండుగడ్డి తగలబెడుతుంటే ఆ పొగ చుట్టూ చూడండి, పారిపోయే మిడతల కోసం పసులపోలిగాళ్లు గిరికీలు కొడుతూ ఉంటాయి.

ఎండ కోసం ఎదురుచూసేవాటిలో పాములూ ఉన్నాయి. ఇక్కడ ఒక అపోహ ప్రాణం మీదికి తెస్తుంది. చలికాలంలో పాములు నిద్రపోతాయి, భయం లేదు అంటారు. మన తీరంలో చలి అంత లేదు. తిరగడం తగ్గిస్తాయి, వేళలు మార్చుకుంటాయి, అంతే. రక్తపింజర మామూలుగా రాత్రి తిరిగే పాము. చల్లని రోజుల్లో అది పగలు తిరగడం పెరుగుతుంది. మనం వరికుప్పలు ఎత్తేదీ, పనలు మోసేదీ, కళ్లంలో కూర్చునేదీ అప్పుడే, పగటి వేళే. కుప్పల్లో ఎలుకలు, ఎలుకల కోసం పింజర. పనను చేత్తో ఎత్తే ముందు కర్రతో కదపండి, కాళ్లకు బూట్లు వేసుకోండి. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం కోసం తిరగడం, ఏదీ వద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా విషానికి మందున్న ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. పామును చంపి తీసుకెళ్లాల్సిన పని లేదు. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకే మందు ఇస్తారు. మా ఊరివాడొకడు ఆ పామును వెతికి పట్టే ప్రయత్నంలో గంట పోగొట్టుకున్నాడు. బతికాడు కానీ కాలు సరిగ్గా లేదు.

భోగికి కూడా ఇదే జాగ్రత్త. నెల రోజులుగా పోగుపెట్టిన కర్రల కుప్ప తొండలకు, ముంగిసకు, కప్పలకు, ఒక్కోసారి పాముకు ఇల్లవుతుంది. ముందు రోజు పగలు ఆ కుప్పను పక్కకు తీసి కొత్తగా పేర్చుకుంటే వాటికీ మనకూ మంచిది. సంక్రాంతి గాలిపటాలకు నూలు దారమే వాడాలి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా ప్రతి ఫిబ్రవరిలో మా తాటిచెట్టు మట్టలకు ఆ దారం వేలాడుతూనే ఉంటుంది.

గూడు ఎక్కడ కడుతుందన్న ప్రశ్నకు పూర్తిగా ఎదురు జవాబు చెప్పే ప్రాణి ఒకటి మా దగ్గరే ఉంది. భీమిలి నుంచి ఆర్కే బీచ్ దాకా ఉన్న ఇసుకలోకి చలికాలపు రాత్రుళ్లలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కుతాయి. పక్షులు ఇక్కడికి తినడానికి వస్తే, ఇవి ఎక్కడెక్కడో సముద్రంలో తిని ఇక్కడికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో తల్లి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి, అవి ఆడవో మగవో తేల్చేది ఇసుక వేడి. పిల్లలు వెలుతురు ఉన్న వైపు నడుస్తాయి. ఒకప్పుడు వెలుతురంటే సముద్రం మీది ఆకాశం. ఇప్పుడు రోడ్డు లైట్లు ఉన్నాయి, అందుకే అటవీశాఖ గుడ్లను ఏరి కంచె వేసిన చోట్ల పొదిగించి, పిల్లల్ని నీళ్ల దగ్గర వదులుతుంది. ట్రాలర్ వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయిన తల్లులు ఒడ్డుకు కొట్టుకురావడం కూడా ఈ నెలల్లోనే చూస్తాం. ఎన్నిసార్లు చూసినా అలవాటు కాలేదు.

చివరికి మాయమైనట్టు అనిపించే కోయిల. ఉగాదికి కూసింది, వానాకాలంలో ఊరుకుంది, చలికి ఎటో వెళ్లిపోయిందని అనుకుంటాం. అది ఎక్కడికీ వెళ్లలేదు. మా రావిచెట్టు మీద పళ్లు తింటూ మౌనంగా ఉంది. పిల్లల్ని పెట్టే కాలం కాదు కనుక కూతతో పని లేదు.

వీటిని చూసి ఊరుకోకుండా రాసుకోవడం నాకు అలవాటైంది. జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క జరుగుతుంది, అది 1987 నుంచి ఉంది. ఫిబ్రవరిలో ఇంటి పెరట్లోనే పావుగంట చూసి లెక్క పంపే కార్యక్రమం ఉంది, మన దేశం 2013 నుంచి అందులో పాల్గొంటోంది. పల్లెటూళ్ల నుంచి వెళ్లే లెక్కలు తక్కువ. మన సాల దగ్గర ఆడే వాగ్‌టెయిల్‌ను మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.

నిరుడు జనవరిలో పెద్దాయనకు బైనాక్యులర్ ఇచ్చి కంచె వైపు తిప్పాను. ష్రైక్ అప్పుడే నిమ్మచెట్టు ముల్లుకు మిడతను గుచ్చి, ముక్కలు పీకి తింటోంది. ఆయన చాలాసేపు కదలకుండా చూశాడు.

"ఈ గుంటదా అంత దూరం నుంచొచ్చింది?"

ఇదే జాతి పిట్టలు చాలాసార్లు నిరుడు చలికాలం గడిపిన చోటికే మళ్లీ వస్తాయని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. పాల క్యాన్ తీసుకుని వెళ్లిపోయాడు. ఫిబ్రవరి దాటాక బూరుగు పూల మీద గులాబీ రంగు గోరువంకలు గుంపులుగా చేరి తేనె తాగుతుంటాయి, తిరుగు ప్రయాణానికి ఒళ్లు నింపుకుంటూ. ష్రైక్ ఏప్రిల్ దాకా ఉంటుంది. నా నోటుబుక్కులో ఏప్రిల్ 19 దగ్గర "కంచె ఖాళీ" అని ఉంది. సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున్న గేటు దగ్గర పాల క్యాన్ చప్పుడైంది, ఆ వెంటనే పెద్దాయన గొంతు. "బాబూ, మీ కంచె పిట్టొచ్చీసింది."